నూనె చుక్క, నీలం దారం

మాస్టారి టైలరింగ్ షాపులో ఒక రూలుంది. గోడ మీద రాసి పెట్టిందేమీ కాదు గానీ, రాసి పెట్టిన రూళ్లకంటే గట్టిది. ఆగిపోయిన మిషన్ని ఎవరు విప్పి, బాగుచేసి, మళ్లీ నడిపిస్తారో వాళ్ల రంగు దారం దానికి కట్టాలి. ఆ క్షణం నుంచి ఆ మిషన్ వాళ్లది. వాళ్లని అడక్కుండా ఇంకెవరూ దానికి సూది కూడా మార్చకూడదు. అది మొరాయిస్తే తిట్లు తినేదీ వాళ్లే.

గుమ్మం పక్కనున్న తొక్కుడు మిషన్‌కి మాస్టారి తండ్రిగారి తెల్లదారం ఉంది. ఇన్నేళ్లకి అది టీ రంగుకి తిరిగింది. కాజాల మిషన్‌కి మాస్టారి భార్య కట్టిన ఆకుపచ్చ దారం. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు అది పట్టేస్తే, ఆవిడ కూరగాయల కత్తితోనే స్క్రూలు విప్పి మరీ నడిపించింది. అప్పట్నుంచీ ఆ మిషన్ జోలికి వెళ్లాలంటే మాస్టారంతటి మాస్టారూ ఆవిడ పర్మిషన్ తీసుకోవాల్సిందే. ఆవిడ మాత్రం ఊరికే ఇస్తుందా? రెండుసార్లు అడిగించుకుని గానీ ఇవ్వదు.

మిగతా వాటన్నిటికీ ఎర్రదారాలే. ఎరుపు మాస్టారిది. షాపులోకి కొత్తగా ఎవరొచ్చినా ఆయన ముందుగా ఆ ఎర్రదారాలన్నీ తిప్పి చూపించి, ఏ మిషన్‌ని ఏ గండం నుంచి బయటపడేశారో చెప్పి, ఆ తర్వాతే కొలతల టేపు తీసేవారు. పాపం, చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు తలూపుతూ వినేవారు. ఆయన కొడుక్కి ఏ రంగూ లేదు. బేరాలు మాట్లాడ్డంలో వాడు దిట్టే గానీ, స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడంటే స్క్రూ తల అరిగిపోవాల్సిందే. కోడలికీ రంగు లేదు. ఆ అమ్మాయి కాలర్లు కుట్టేది, గుండీలు పెట్టేది, చెప్పిన పని చెప్పినట్టు చేసేది. నీ రంగేమిటని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

షాపుకీ ఇంటికీ మధ్యనున్న వెనక గదిలో ఎంబ్రాయిడరీ మిషన్, దాని పక్కన ఒక పాత కంప్యూటర్ ఉన్నాయి. ఆ కంప్యూటర్ని ఇంట్లో అందరూ ముసలోడు అంటారు. ఏ బొమ్మైనా ముందు ముసలోడి కడుపులోకి వెళ్లాలి. వాడు దాన్ని కుట్లుగా విడగొట్టి, వీపు వెనకున్న వెడల్పాటి కేబుల్ గుండా మిషన్‌కి పంపాలి. అప్పుడు గానీ సూది కదలదు. ఆ రకం కేబుల్ పట్టే కంప్యూటర్లు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. అంటే ముసలోడు కన్నుమూస్తే ఆ పెద్ద మిషన్ కూడా బట్టలారేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ముసలోడికీ ఎర్రదారమే ఉంది. ఎప్పుడో లోపల ఓ వైరు వదులైతే మాస్టారు డబ్బా విప్పి, దాన్ని గట్టిగా నొక్కి, మూసి, స్విచ్ వేశారు. ముసలోడు లేచి కూర్చున్నాడు. మాస్టారు మీసం మెలేసి దారం కట్టారు. ఆయన కంప్యూటర్ విద్య అక్కడ మొదలై అక్కడే పూర్తయింది.

అంతా బాగానే ఉన్నదనుకుంటుండగా, స్కూలు వాళ్లు తమ చిహ్నం మార్చారు. పాతది ఎంత సుఖం! ఒక దీపం, దాని కింద ఒక గీత. కొత్తదాంట్లో రెక్కలు చాచిన పిట్ట, తెరిచిన పుస్తకం, రెండు కొమ్మలు, చుట్టూ గుండ్రంగా అక్షరాలు. పిట్ట రెక్కలో ఒక్కో ఈకా ఒక్కో రంగు. బడి తెరిచేలోగా పిల్లలందరి చొక్కా జేబుల మీదా ఆ పిట్ట వాలాలి. ఆర్డర్ మాస్టారిదే, మాటిచ్చిందీ ఆయనే.

బొమ్మని ముసలోడికి ఎక్కించారు. తెర మీద గీత మెల్లగా పాకుతూ సగం దాకా వెళ్లింది. లోపల గరగరమని చప్పుడైంది. తర్వాత ఠప్పున అంతా చీకటి. మళ్లీ వేశారు, మళ్లీ సగంలోనే ఆరిపోయింది. మూడోసారి మాడిన వాసన కూడా వచ్చింది. కొడుకు దాన్ని చంకనేసుకుని కంప్యూటర్ షాపుకి వెళ్తే, అక్కడాయన మూత తీసి ఒక్క చూపు చూసి, "దీంట్లో మట్టి పోసి పూలమొక్క పెట్టుకోండి" అని నవ్వాడట.

ఆ మాట వినగానే మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "పూలమొక్కా? వాడి షాపులో ఉన్నవాటిలో ఒక్కటైనా ఇన్నేళ్లు బతుకుతుందేమో అడిగావా?" అన్నారు. కోపం పైపైనే. స్కూలు వాళ్లకి ఏం చెప్పాలి? అంతకుమించి, తన దారం కట్టిన మిషన్ ఒకటి చచ్చిపోయిందని ఎవరికని చెప్పుకోవాలి?

అప్పుడు కోడలు కుడుతున్న కాలర్ పక్కన పెట్టింది.

"మావయ్యా, ముసలోడిని పారేయక్కర్లేదు. లోపలి బోర్డు బాగానే ఉంది. పోతున్నది దానికి కరెంటు పంచే పవర్ సప్లై. అది మార్చాలి. ఎలాగూ విప్పుతాం కాబట్టి ఆ బోర్డుకి పట్టే ప్రాసెసర్లలో అన్నిటికంటే పెద్దది వేద్దాం. పిట్టని నిమిషాల్లో కుట్లు చేసేస్తుంది."

"నీకెలా తెలుసు?"

"పెళ్లికి ముందు ఓ స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ నాదే కదా మావయ్యా. పిల్లలు పాడుచేయడం, నేను బాగుచేయడం, అదే ఉద్యోగం."

సంబంధం మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి మాస్టారు విన్నారు. విని, ఆ చెవిన్నుంచి ఈ చెవిన వదిలేశారు. ఇప్పుడు ముఖం గంటు పెట్టుకుని, "దానికి నా దారం ఉంది" అన్నారు.

"ఉంది మావయ్యా. అందుకే అడుగుతున్నాను. చెయ్యనా?"

మాస్టారు కొలతల టేపు చుట్టుకోసాగారు. ఆ అమ్మాయి అక్కణ్నుంచి కదల్లేదు. "చెయ్యనా మావయ్యా?" అంది మళ్లీ.

"నేను పక్కనే నిలబడతా" అన్నారాయన. అది ఒప్పుకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

కావలసినవి కొడుకు బజారంతా తిరిగి తెచ్చాడు. పవర్ సప్లై కొత్తది. ప్రాసెసర్ మాత్రం ఎవరో వాడి తీసేసింది. ముసలోడి ఈడుకి కొత్తవెక్కడ దొరుకుతాయి? సెలవురోజు పొద్దున్నే కోడలు కత్తిరింపుల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ముసలోడిని పడుకోబెట్టింది. ప్లగ్ పీకిందో లేదో రెండుసార్లు చూసుకుంది. గాజులు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. డబ్బా ఇనప చట్రాన్ని ముట్టుకుని, ఒంట్లో ఉన్న కరెంటు దానికి వదిలేసి, అప్పుడు లోపల చెయ్యి పెట్టింది. ఊడదీసిన స్క్రూలు గుండీల పళ్లెంలో ఒక్కో గూట్లో ఒక్కో రకం వేసుకుంటూ పోయింది. మాస్టారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. తప్పు పడదామని ఎంత వెతికినా, ఆ పని తీరులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అది అప్పటిదాకా మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రతి శనివారం ఆయన పొడుగు మూతి నూనె డబ్బా పట్టుకుని షాపులోని మిషన్లన్నిటికీ నూనె పెడతారు. తండ్రి దగ్గర నేర్చుకున్న అలవాటది. ముసలోడి వీపు వెనక ఫ్యాన్ గిర్రున తిరగడం ఒకరోజు ఆయన కంటపడింది. తిరిగేది కదా, నూనె లేకపోతే ఎలా అనుకున్నారు. జాలీ సందులోంచి ఓ చుక్క వేశారు. వారం వారం వేశారు. చప్పుడు చేస్తే ఇంకో చుక్క ఎక్కువే వేశారు. ఎవరినీ అడగలేదు, ఎందుకంటే దారం ఆయనదే. పాపం, ప్రేమగానే వేశారు.

కోడలు పాత పవర్ సప్లైని బయటికి లాగింది. దాని జాలీకి లోపలివైపున షాపులోని దూదీ దుమ్మూ జిడ్డులో నాని, నల్లగా అట్టకట్టి ఉన్నాయి. ఫ్యాన్‌ని వేలితో తిప్పితే తిరగలేదు. కిందంతా జిగురు.

"విప్పి చూద్దామా?" అన్నాడు కొడుకు.

"అమ్మో, వద్దు. ప్లగ్ తీసేసినా దాని లోపల కరెంటు నిలవుంటుంది" అంటూ ఆమె జాలీ మీది జిడ్డుని గుడ్డతో తుడిచి వాసన చూసింది. కుట్టుమిషన్ నూనె వాసన ఆ ఇంట్లో ఎవరికి తెలియదు గనక! ఆమె తలెత్తి మామగారి వైపు చూసింది. ఒక్కసారే. మాస్టారు పైకప్పులో ఏదో లోపం కనిపెట్టినట్టు అటే చూస్తూ నిలబడ్డారు.

"ఏమైందే దానికి?" గుమ్మంలోంచి అత్తగారు అడిగింది.

కోడలు ఆ గుడ్డని మడిచి చెత్తబుట్టలో పడేసింది. "వయసైపోయింది అత్తయ్యా. షాపు నిండా దూదీ, దుమ్మూ. ఇంకేముంటుంది?"

"అయినా ఇన్నేళ్లు బతికాడంటే నాన్న చలవే" అన్నాడు కొడుకు.

మాస్టారికి ప్రాణం లేచిరావాలి కదా? రాలేదు. ఆ మెచ్చుకోలు తనకి చెందదని ఆయనకి తెలుసు.

కోడలు కొత్త పవర్ సప్లై బిగించి, వైర్లు ఎక్కడివక్కడ కలిపింది. మాస్టారు గొంతు సవరించుకుని, "మరి ఆ ప్రాసెసర్ కూడా పెట్టేయొచ్చుగా?" అన్నారు.

"ఆగాలి మావయ్యా. దాన్ని బోర్డు గుర్తుపట్టాలంటే ముందు బోర్డు లోపలి ప్రోగ్రామ్ మార్చాలి. పాత ప్రాసెసర్ ఉండగానే మార్చాలి. అది రాసుకుంటుండగా కరెంటు పోయిందో, బోర్డు పని సరి. అందుకే ముందు ఈ సప్లై మార్చింది."

"కత్తెర సగంలో ఉండగా గుడ్డ లాగేసినట్టన్నమాట."

"అచ్చం అంతే!" అంది ఆమె. మాస్టారికి ఎందుకో ఆ మాట బాగా నచ్చింది.

ప్రోగ్రామ్ మారుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ ఏ స్విచ్చూ వేయకూడదని ఆర్డర్ వేసింది కోడలు. ఇస్త్రీపెట్టె పెడితే ఆ ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోవడం మామూలే. అత్తగారు వెళ్లి ఇస్త్రీపెట్టె పక్కన కుర్చీ వేసుకుని, ఎవరొస్తారో రండన్నట్టు కూర్చుంది. తెర మీద గీత చివరికంటా వెళ్లి ఆగింది. ముసలోడు తనంతట తానే ఆరి, మళ్లీ వెలిగాడు. కోడలు ఊపిరి వదిలింది. ఆమెతో పాటు తనూ బిగబట్టానని మాస్టారికి అప్పుడు తెలిసింది.

కరెంటు తీసేశాక కోడలు ప్రాసెసర్ మీద కూర్చున్న ఫ్యాన్ దిమ్మని పట్టుకుంది. "దీన్ని లాగకూడదు. ఇప్పటిదాకా నడిచింది కాబట్టి కింద వేడి లాగే పేస్టు మెత్తబడి ఉంటుంది. మెల్లగా తిప్పి తీయాలి" అంటూ అటూ ఇటూ మెలితిప్పి పైకి లేపింది. పాత ప్రాసెసర్ బయటికొచ్చింది. కొత్తదాని చిన్న పెట్టె తెరిచి తిరగేసి చూసింది. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది.

దాని అడుగున వెంట్రుకల్లాంటి పిన్నులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక మూల రెండు పిన్నులు పక్కకి వాలిపోయాయి.

"వంగిపోయాయి" అంది. మొదటిసారి ఆమె గొంతులో బెరుకు వినిపించింది. "ఇలా పెడితే దిగదు. నొక్కితే విరుగుతాయి. విరిగితే మళ్లీ ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందో ఏమో."

మాస్టారు లోపలికి వెళ్లారు. పూసలు కుట్టే సన్నసూది ఒకటీ, రంగుదారాలు పోల్చి చూసుకునే భూతద్దం దీపమూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"మీరు చేస్తారా మావయ్యా?" అని ఆమె ప్రాసెసర్ని ఆయన ముందుకి జరిపింది.

చేయగలరు. అందులో అనుమానమే లేదు. ఆయన చెయ్యి ఇప్పటికీ నిలకడైన చెయ్యి, సూది ఆయన మాట వింటుంది. రెండు పిన్నులు లేపితే చాలు, దారం ఆయనదే అవుతుంది. రేపట్నుంచి వచ్చేపోయే వాళ్లందరికీ ఈ కథ కూడా చెప్పుకోవచ్చు. మాస్టారు సూది చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య ఒకసారి దొర్లించి, దాన్ని కోడలి వైపు పట్టారు.

"కుట్టు మొదలెట్టింది నువ్వు. మధ్యలో చేతులు మారితే తేడా తెలిసిపోతుంది. కానియ్."

దీపం మాత్రం ఆయనే పట్టుకున్నారు. ఆమె సూదిమొనని పిన్ను కిందికి పోనిచ్చి, ఇంచుక లేపి, ఆగి, పక్క వరసతో సరిచూసి, మళ్లీ ఇంచుక లేపింది. తొందర లేదు, తడబాటు లేదు. అద్దంలోంచి చూస్తున్న మాస్టారికి ఆ వేళ్లని చూస్తుంటే గర్వం పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ ఈ చేతులకి గుండీలు పెట్టే పని ఇచ్చి కూర్చోబెట్టానా అని తనను తాను తిట్టుకున్నారు కూడా.

పిన్నులు నిలబడ్డాయి. ప్రాసెసర్ని దాని గూటి మీద ఉంచగానే, నొక్కకుండానే దానంతటదే దిగి కూర్చుంది. పక్కనున్న చిన్న మీట దించి, నడిమధ్యన శనగగింజంత పేస్టు పెట్టి, ఫ్యాన్ దిమ్మ బిగించి, "వేస్తున్నా" అంది.

ఫ్యాన్లు తిరిగాయి. వాటి చప్పుడే వినపడలేదు. తెర మీద కొత్త ప్రాసెసర్ పేరు పడింది. పిట్ట బొమ్మ ఎక్కించారు. గీత సగం దాకా వెళ్లింది. అందరూ తెర మీదికి వంగారు. గీత సగం దాటింది, ముప్పావు దాటింది, అత్తగారు పొయ్యి మీద పెట్టిన టీ మరిగేలోపే చివరికి చేరింది. వెడల్పాటి కేబుల్ గుండా కుట్లు ప్రవహించాయి. పెద్ద మిషన్ సూది టకటకలాడింది. తెల్లగుడ్డ మీద ముందు ముక్కు, తర్వాత కన్ను, తర్వాత ఒక్కో ఈకా ఒక్కో రంగులో పిట్ట లేచింది.

కొడుకు ఈలవేశాడు. "నాన్నా, నీ ఎర్రదారం మాసిపోయింది. ఈ పూట కొత్తది కట్టు!"

మాస్టారు కత్తెర తీసుకుని ముసలోడి ఎర్రదారాన్ని కత్తిరించారు. కొత్త ఎర్ర ఉండ కోసం భార్య సొరుగు లాగబోయింది.

"వద్దు" అన్నారాయన. "ముసలోడిని చంపబోయింది నేనే."

"అదేంటండీ?"

"వాడి ఫ్యాన్‌కి వారం వారం నూనె పోశాను."

ఆవిడ ముక్కున వేలేసుకుంది. "కంప్యూటర్‌కి నూనెనా! నయం, తలంటు పోయలేదు!" కొడుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలు మాత్రం నవ్వలేదు. "పోనివ్వండి మావయ్యా, ఇప్పుడు ఎందుకు అవన్నీ" అని గొణిగింది.

"ఎందుకేంటి? వాసన చూసిన క్షణంలోనే నీకు తెలిసిపోయింది. తెలిసీ నలుగురిలో నా పరువు కాపాడావు. నాకు సంతోషమే. కానీ నేను కట్టిన దారాలన్నీ నిజంగా నడిపించి కట్టినవమ్మా. అబద్ధం మీద ఒక్కటి ఉన్నా మిగతావాటికి విలువేముంటుంది?" అని ఆయన తెగిన ఎర్రదారాన్ని జేబులో వేసుకున్నారు. "చెప్పమ్మాయ్. నీ రంగేంటి?"

కోడలు తను కూర్చునే మిషన్ దగ్గరికి వెళ్లి, సొరుగు వెనకాల చెయ్యి పెట్టి, ఒక బాబిన్ తీసింది. నీలం దారం. పోగు మీద పోగు ఒద్దికగా చుట్టి ఉంది. పైవరస కాస్త వెలిసింది.

"ఇదెప్పుడు చుట్టావమ్మా?" అన్నారు మాస్టారు.

"కొత్తగా వచ్చినప్పుడు మావయ్యా. నన్ను షాపంతా తిప్పి దారాలన్నీ చూపించారు కదా. ఆ రోజు."

మాస్టారికి ఆ రోజు బాగా గుర్తుంది. తను చెప్పిన కథలన్నీ గుర్తున్నాయి. ఎదురుగా నిలబడి వింటున్న పిల్ల ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకి రాలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అది కనపడనివ్వకుండా, ఆమె దారం కట్టగానే వంగి ముడిని గోటితో లాగి చూశారు.

"వదులుగా ఉంది. మళ్లీ కట్టు."

ఆమె నవ్వుతూ ముడి విప్పి గట్టిగా కట్టింది. ఆయన మళ్లీ లాగి చూసి, "ఇప్పుడు సరే" అన్నారు.

బడి తెరిచేలోగా పిట్టలన్నీ జేబులెక్కాయి. చొక్కాలు తీసుకోవడానికి స్కూలు హెడ్‌మిస్ట్రెస్ వస్తే మాస్టారు ఆవిడని కూర్చోబెట్టకుండా నేరుగా వెనక గదికి తీసుకెళ్లారు. నీలం దారం చూపించి, ముందు కరెంటు, తర్వాత ప్రోగ్రామ్, ఆ తర్వాత ప్రాసెసర్ అని వరస తప్పకుండా చెప్పి, వంగిన పిన్నుల దగ్గర కాసేపు ఆగి, "మా కోడలు" అన్నారు. ఆవిడ చొక్కాల సంగతి అడగడానికి చాలాసేపు పట్టింది.

శనివారం వచ్చింది. మాస్టారు పొడుగు మూతి నూనె డబ్బా పట్టుకుని మిషన్లన్నిటినీ చుట్టొచ్చి వెనక గది గుమ్మంలో ఆగారు. లోపల కోడలు తెర మీద ఏదో కొత్త బొమ్మ సరిచేసుకుంటోంది.

"అమ్మాయ్, ముసలోడి వీపు మీద దుమ్ము పట్టింది. పొడిగుడ్డతో తుడవనా?"

కోడలు తల తిప్పలేదు. పెదవుల మీద నవ్వు మాత్రం దాగలేదు. కాజాల మిషన్ దగ్గర్నుంచి అత్తగారు ఆ నిశ్శబ్దాన్ని విని పకపకా నవ్వింది.

మాస్టారు నూనె డబ్బాని గుమ్మం బయటే పెట్టి, రెండోసారి అడిగారు.